నాన్న రాతి మొక్క

అమ్మ కుట్టుసామాన్లు దాచుకునే బిస్కెట్ల రేకు డబ్బాలో, గుండీల అడుగున ఆ రేకుముక్క దొరికింది. వేలెడు పొడుగు, ఒక చివర చిల్లు, చిల్లులో తుప్పుపట్టిన సన్న తీగ. మొక్క పక్కన కట్టే పేరు బిళ్ళ. దాని మీద మేకు మొనతో గీకి రాసిన మూడు మాటలు: రమోండా. ఉత్తరం. నీడ. నాన్న చేతిరాత. తలకట్టును అక్షరానికి తగలకుండా పైన విడిగా పెట్టడం ఆయన అలవాటు. ఆ అలవాటు చూసే గుర్తుపట్టాను, లేకపోతే పారేసేదాన్నే.

కిందటి చలికాలం సంగతి ఇది. శాంటా క్లారాలో తన అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కలేక, ఎనభై ఒకటో ఏట, అమ్మ సన్నీవేల్‌లో నా ఇంటికి వచ్చేసింది. ఒక్కతే ఉండగలనని పదేళ్ళు పంతం పట్టి, చివరికి మోకాళ్ళకు లొంగిపోయింది. నేను అట్టపెట్టెలు విప్పుతుంటే మంచం మీద కూర్చుని, ఏది ఎక్కడ పెట్టాలో చెబుతూ, నేను పెట్టినచోటల్లా తప్పు పడుతోంది. బిళ్ళ నా చేతిలో చూడగానే ఆ గొణుగుడు ఆగిపోయింది. "ఇలా తే" అంది. శాలువా కొంగుతో తుడిచి, అక్షరాలను వేలితో నిమిరింది. తర్వాత, నేను చిన్నప్పటి నుంచి వింటున్న మాటే మళ్ళీ అంది. "ఒక్క చెంబు నీళ్ళు. ఒక్క చెంబు పోయనివ్వలేదు మహాతల్లి."

మహాతల్లి అంటే మా నాయనమ్మ, నాన్న తల్లి. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను ఏదో ఒక పని కల్పించుకుని మాట మార్చేస్తాను. ఆ రోజూ డబ్బా మూత పెట్టి "కాఫీ తాగుతావా అమ్మా?" అన్నాను. తాగుతానంది. డికాక్షన్ దిగేలోపు వంటింట్లో నిలబడి, నలభై అయిదేళ్ళుగా మింగుతూ వచ్చింది ఇక మింగలేనని అనిపించింది. ఆ మింగిందేమిటో చెప్పాలంటే ముందు ఆ మొక్క గురించి చెప్పాలి.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మేం ఇదే ఊళ్ళో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఇప్పుడు ఆ వీధంతా అద్దాల ఆఫీసులు, వాటి ముందు సైకిళ్ళు, షటిల్ బస్సులు. అప్పుడు వీధి చివర ఒక చెర్రీ తోట మిగిలి ఉండేది, వేసవిలో గాలి అటునుంచి వీస్తే ఇల్లంతా రాలిన పళ్ళ పులుపు వాసన. ఇంట్లో నలుగురం. చిప్‌ల కంపెనీలో ఇంజనీరు నాన్న, అమ్మ, నేను, నాయనమ్మ. నాయనమ్మది చీరాల దగ్గర సముద్రపు ఇసుక నేల. నాన్నా అక్కడ పుట్టినవాడే. కొండ అనేదాన్ని ఇద్దరూ రైల్లోంచి చూసిందే తప్ప ఎక్కి ఎరగరు. అలాంటి నాన్నకు కొండ మొక్కల పిచ్చి పట్టడం పక్కింటి రూత్ ఆంటీ పుణ్యం. ఆవిడకు డెబ్బై దాటాయి, భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇంటికి ఉత్తరం వైపు, ఎండ పడని చోట, రాళ్ళు పేర్చి వాటి సందుల్లో అరచేతిలో పట్టేంత మొక్కలు పెంచేది. ఒక శనివారం నాన్న కంచె పక్క నిలబడి, ఆవిడ ఒక మొక్కను నేలలో నాటకుండా రెండు రాళ్ళ మధ్య అడ్డంగా దూర్చడం చూశాడు. ఎందుకలా అని అడిగాడు. ఆ అడగడం రెండు గంటలు సాగింది. అమ్మ రెండుసార్లు భోజనానికి పిలిచి, మూడోసారి పిలవడం మానేసింది.

తర్వాతి శనివారం బియ్యానికని కారేసుకుని వెళ్ళిన నాన్న, కొండల దగ్గరి గని నుంచి డిక్కీ నిండా సున్నపురాళ్ళు వేసుకొచ్చాడు. వెనక చక్రాలు సగం అణిగిపోయాయి. "బియ్యం తెమ్మంటే రాళ్ళు తెచ్చారేంటండీ? అత్తెసరు పెట్టమంటారా?" అంది అమ్మ. "పాతవే. పొడిపొడిగా వస్తాయి" అన్నాడు నాన్న. నాయనమ్మ గరాజ్‌లో మడత కుర్చీలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ముగ్గురూ కలిసి నవ్వగా నాకు బాగా గుర్తున్న రోజుల్లో అదొకటి.

మా ఇంటికి ఉత్తరపు గోడ వెంబడి, నా నడుమెత్తున ఆ రాళ్ళ గుట్ట లేచింది. ఓక్ చెట్ల కింద కుళ్ళిన ఆకుల మట్టిని ఖాళీ బియ్యం సంచుల్లో మోసుకొచ్చి సందుల్లో కూరేవాడు. ఆ మట్టి వాసన నాన్న గోళ్ళలోంచి సోమవారం దాకా పోయేది కాదు. సబ్బుతో రుద్దినా, పెరుగన్నం కలిపి నాకు ముద్ద పెట్టినప్పుడు తెలిసేది. ఎన్నో మొక్కలు తెచ్చి చంపుకున్నాక, రూత్ ఆంటీ తన రాళ్ళలోంచి ఒక చిన్న రమోండా పిల్లను తీసిచ్చింది. యూరప్‌లో ఏవో పెద్ద కొండల మీద, ఎండ తగలని బండల పగుళ్ళలో పెరుగుతుందట. చూడటానికి గొప్పగా ఏం ఉండదు. ముడతలు పడ్డ ముదురాకుపచ్చ ఆకులు చక్రంలా రాతికి అతుక్కుని, అంచుల్లో గోధుమరంగు నూగుతో ఉంటాయి. ఆకుల నడుమ నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది కాబట్టి అడ్డంగా నాటాలి, పక్కనుంచి తడపాలి. "దీనికి ఎండ పడదు అమ్మడూ. గారాబమూ పడదు. నీడలో, తన మానాన తనను ఉండనివ్వాలి" అనేవాడు నాన్న. అంటూనే గడ్డం గీసుకునే పాత బ్రష్షుతో ఒక్కో ఆకు నూగులోని దుమ్మును దులిపేవాడు. గారాబం కాకపోతే అదేమిటో నాకు తెలియదు.

నాయనమ్మ రోజూ బియ్యం కడిగిన నీళ్ళు కుండీలోని కరివేపాకుకు పోసి, అటునుంచి ఉత్తరపు గోడ దాకా నడిచేది. దీనికి మాత్రం కడుగు పోయకూడదని కొడుకు ఒట్టు వేయించుకున్నాడు, అందుకని ఖాళీ గిన్నె చంకన పెట్టుకుని ఊరికే చూసేది. "కొండల మీద ఉండాల్సినదానివి, ఈ పెరట్లో మాతో ఏం చేస్తున్నావే తల్లీ" అని పలకరించేది. అప్పుడు ముసలావిడ చాదస్తం అనుకున్నాను. అమెరికాలో ఆవిడ తన మనసులో మాట చెప్పుకున్నది బహుశా ఆ మొక్క ఒక్కదానితోనేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

మూడో ఏడు మే నెలలో పూసింది. నాలుగు పువ్వులు, లేత ఊదారంగు, మధ్యలో పసుపు మొన. ఆ వారం నాన్న ఆఫీసు నుంచి మధ్యాహ్నం ఫోన్ చేసి, ఎలా ఉన్నావని అడక్కుండా "రెండోది విచ్చుకుందా?" అని అడిగేవాడు. అమ్మ ఒక పువ్వు జడలో పెట్టుకుంటానంది, ఊరికే ఉడికించడానికి. నాన్న నిజంగానే ఆలోచనలో పడ్డాడు. ఇవ్వలేడు, కాదనలేడు. "వద్దులెండి, మీ మొహం చూడలేకపోతున్నాను" అని అమ్మ పడీపడీ నవ్వింది. మరుసటి నెలలో కడుపునొప్పని ఆస్పత్రికి వెళ్ళిన నాన్న మళ్ళీ ఇంటికి రాలేదు.

ఆరు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. మొదటి వారం నన్ను తీసుకెళ్ళినప్పుడు మంచం పక్కకు పిలిచి, "రాతి మొక్కను చూసుకో అమ్మడూ. రెండు రోజులకోసారి, సాయంత్రం పూట, రాయి పక్కనుంచి. ఆకుల మీద పడనివ్వకు" అన్నాడు. సరే నాన్నా అన్నాను. ఆయన నాకు అప్పగించిన పని జీవితంలో అదొక్కటే. వారం రోజులు చేశాను. తర్వాత బడికి సెలవులిచ్చారు, అమ్మ పగలంతా ఆస్పత్రిలో ఉంటుందని నన్ను శాంటా క్లారాలో తెలిసిన తెలుగువాళ్ళింట్లో ఉంచారు. వాళ్ళ అపార్ట్‌మెంట్ల మధ్య ఈత కొలను ఉండేది. ఆ నెలలో నేను ఈత నేర్చుకున్నాను. కొడుకు ఆస్పత్రి పాలయ్యాక నాయనమ్మ పెరట్లోకి వెళ్ళడమే మానేసింది, వెళ్ళేముందు నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఆవిడే చూసుకునేది. చెప్పలేదు. మొక్క నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఇందులో చిన్నపిల్లననే సాకు ఏమీ లేదు, పదకొండేళ్ళకు నీళ్ళు పోయడం ఎవరికైనా వస్తుంది.

నాన్న పోయిన రోజు నన్ను ఇంటికి తెచ్చారు. టెక్సస్‌లో ఇర్వింగ్ నుంచి పెదనాన్న, పెద్దమ్మ వచ్చారు. పదకొండు రోజులు మైల. దేవుడి గది తలుపు వేసేశారు. ఊరగాయ జాడీల జోలికి ఎవరూ పోలేదు, మా ఇంట్లోంచి ఎవరూ ఇంకొకరి గడప తొక్కలేదు. నాయనమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, కొడుకు చొక్కా ఒకటి ఒళ్ళో పెట్టుకుని, గుండీలు పెడుతూ తీస్తూ ఉండేది. అయిదో రోజు సాయంత్రం అమ్మ స్టీలు చెంబుతో నీళ్ళు పట్టుకుని పెరటి తలుపు తీసింది. నెల పైన అమ్మ అటువైపు తొంగి చూడలేదు, ఆ రోజే ఎందుకో గుర్తొచ్చింది. నాయనమ్మ లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వద్దు వసుంధరా. మైలలో ముట్టుకుంటే మాడిపోద్ది. వాడు ప్రాణంగా పెంచుకున్న మొక్క."

"నీళ్ళే కదా అత్తయ్యా. పక్కనుంచి పోస్తాను, ముట్టుకోను."

"నీడ పడినా తగులుద్దమ్మా. పన్నెండో రోజు స్నానాలయ్యాక నువ్వే పోద్దువు. కాస్త ఓపిక పట్టు."

అమ్మ ఆ నీళ్ళు సింకులో పోసేసింది. నేను అన్నం కంచం ముందు కూర్చుని ఇదంతా చూశాను. అప్పుడు గుర్తొచ్చింది నాకు మొక్క. లేచి వెళ్ళి చూడటానికి భయమేసింది. పన్నెండో రోజు దాకా ఆ గోడ వైపు వెళ్ళలేదు.

పన్నెండో రోజు ఇల్లంతా కడిగారు. దుప్పట్లు ఉతికారు, కాగితం విస్తళ్ళు సంచుల్లో కుక్కారు. అందరూ ఎవరి పనిలో వాళ్ళుండగా నేను ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళాను. రమోండా ఎండబెట్టిన గోంగూరలా ఉంది. ఆకులన్నీ లోపలికి ముడుచుకుని, గోధుమరంగుకు తిరిగి, వేలితో తాకితే గరగరమన్నాయి. నెల పైన ఎవరూ తడపలేదు, ఆగస్టు ఎండకు నీడ కూడా వేడెక్కిపోయింది. నాన్న అప్పగించిన ఒక్కదాన్ని నేను చంపేశానని అర్థమైంది. ఇంకో గంటలో అమ్మ చెంబు పట్టుకుని వస్తుంది. వచ్చి చూస్తే అడుగుతుంది. వంటింట్లోంచి చెంచా తెచ్చి, రాళ్ళ సందులోంచి దాన్ని తవ్వి తీసేశాను. తేలిగ్గా రాలేదు. పైన అంత ఎండిపోయి ఉన్నా లోపల వేళ్ళు రాతిని పట్టుకుని ఉన్నాయి, లాగి తెంపాల్సి వచ్చింది. కాగితంలో చుట్టి విస్తళ్ళ సంచి అడుగున దాచాను. మర్నాడు పొద్దున్నే చెత్త బండి వచ్చి తీసుకెళ్ళిపోయింది.

అనుకున్నట్టే అమ్మ చెంబుతో వచ్చింది. ఖాళీ సందు చూసి "ఏదే?" అంది. "ఎండిపోయిందమ్మా. ముట్టుకోగానే ఊడొచ్చేసింది, పారేశాను" అన్నాను. అమ్మ నన్నేమీ అనలేదు. చెంబు రాయి మీద పెట్టి, బిళ్ళను తీగతో సహా విప్పి గుప్పిట్లో పెట్టుకుని ఇంట్లోకి నడిచింది. నాయనమ్మ ముందు నిలబడి "ఒక్క చెంబు, అత్తయ్యా" అంది. అరవలేదు. అరిచి ఉంటే ఆ రోజుతో పోయేదేమో.

మరో పది రోజులకు రూత్ ఆంటీ వచ్చింది. వేసవంతా కొండల్లో వాళ్ళ చెల్లెలింట్లో ఉండి, తిరిగొచ్చాక సంగతి తెలిసి, ఒక కేక్ చేసి పట్టుకొచ్చింది. అమ్మను చాలాసేపు కౌగిలించుకుంది. తర్వాత నన్ను రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, అమ్మ కూడా వెనకాలే రాగా, మొక్క ఏదని అడిగింది. ఎండిపోయి చచ్చిందని చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "లేదమ్మా, అది అలా చావదు. చచ్చినట్టు కనిపిస్తుందంతే. వేసవంతా నేను మరిచిపోయినవి కూడా నీళ్ళు పెడితే ఒక్క రోజులో విచ్చుకున్నాయి. ఎక్కడుంది? తీసుకురా, ఇప్పుడే తడిపి చూద్దాం." నాన్న ఎన్నడూ దాన్ని ఎండనివ్వలేదు కాబట్టి మా ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

అమ్మ బి.ఏ. చదివిందే గానీ రూత్ ఆంటీ గబగబా మాట్లాడితే అందుకోలేకపోయేది. వాళ్ళిద్దరి మధ్యా మాటలు చేరవేసేది నేనే. "ఏమంటోందే?" అంది. "నాన్న పోయినందుకు బాధపడుతోంది. నీళ్ళు పోసి ఉంటే బతికేదట" అన్నాను. సగం నిజం. మిగతా సగం విస్తళ్ళ సంచిలో పోయింది. రూత్ ఆంటీతోనేమో ఇల్లు కడిగినప్పుడు ఎవరో పారేశారని చెప్పాను. ఆవిడ నా మొహంలోకి కొంచెంసేపు చూసింది. ఇంకో పిల్ల మొక్క ఇస్తానంది. అమ్మ వద్దంది. కిటికీ లోపల నాయనమ్మ నిలబడి ఉందని అప్పుడు చూశాను. నేను చెప్పిన సగమే ఆవిడా విన్నది.

ఆ తర్వాత అమ్మకూ నాయనమ్మకూ మధ్య అవసరమైన మాటలే మిగిలాయి. అన్నం వడ్డించాను, స్నానానికి నీళ్ళు వేడిగా ఉన్నాయి, అంతవరకే. గ్రీన్ కార్డులు అప్పటికే చేతికొచ్చాయి కాబట్టి మేం ఉండగలిగాం, అమ్మ శాంటా క్లారాలో ఒక ఫ్యాక్టరీలో చిప్‌లు పరీక్షించే ఉద్యోగానికి కుదిరింది. నిజానికి ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకో పెద్దదిక్కు కావలసింది. అయినా చలి మొదలయ్యేసరికి పెదనాన్న వచ్చి నాయనమ్మను ఇర్వింగ్ తీసుకెళ్ళిపోయాడు. వెళ్ళే రోజు పొద్దున నాకు తలకు కొబ్బరినూనె పెట్టి, అంతకుముందెన్నడూ లేనంత గట్టిగా జడ వేసింది. రెండు రోజుల దాకా విప్పలేదు నేను.

ప్రతి ఏడూ ఎవరో ఒకరి చేత చింతకాయ పచ్చడి సీసా పంపేది. అమ్మ దాన్ని అలమారాలో పైఅరలో పెట్టి, చెయ్యి కూడా వేసేది కాదు. నేనే తినేదాన్ని, అమ్మ ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు. ఆదివారాలు ఫోన్ చేసేది. నాకు పదిహేనేళ్ళప్పుడు ఒక ఆదివారం, అమ్మ ఇంట్లో లేదని తెలిశాక, నాయనమ్మ గొంతు తగ్గించింది. "అమ్మడూ, ఆ రాళ్ళ మధ్య మళ్ళా ఏవన్నా వేశారా?" మేం ఆ ఇల్లు ఖాళీ చేసి అపార్ట్‌మెంట్‌కి మారిపోయామని చెప్పాను. ఆవిడ తనలో తాను అనుకున్నట్టు అంది. "ఈ నోటితోనే వద్దన్నా. వాడి మొక్కని నేనే పొట్టన పెట్టుకున్నా. మీ అమ్మ నన్నేమన్నా తప్పులేదు తల్లీ." ఫోన్ తీగ వేలికి చుట్టుకుంటూ వింటున్నాను. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. "ఊరుకో నాయనమ్మా, అయిపోయిందిగా" అన్నాను. నేను కాలేజీలో ఉండగా ఆవిడ పోయింది. అమ్మ పన్నెండో రోజుకు మాత్రం వెళ్ళి, మర్నాడే తిరిగొచ్చేసింది.

ఇదంతా కాఫీ గ్లాసు అమ్మ చేతికిచ్చి, ఎదురుగా కుర్చీలో కూర్చుని చెప్పాను. చెంచా, కాగితం, విస్తళ్ళ సంచి, రూత్ ఆంటీ అన్న మాట, ఏదీ దాచలేదు. అమ్మ కళ్ళు తుడుచుకుంటుందనీ, చిన్నదానివి కదే అప్పుడు అంటుందనీ నాలో ఎక్కడో ఒక ఆశ. అమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"నువ్వు చేసింది నీ మీదైనా వేసుకోలేదు. నా మీదైనా వెయ్యలేదు. తీసుకెళ్ళి ఆ ముసలావిడ మీద వేశావు" అంది.

"అమ్మా..."

"ఆవిడ పోయినప్పుడు నేను ఏడవలేదు తెలుసా? మంచి చీర చూసి కట్టుకుని వెళ్ళాను. పక్కన కూర్చున్నవాళ్ళు ఏడుస్తుంటే నేను ఆ చెంబు గుర్తుచేసుకుంటూ కూర్చున్నానే."

"తప్పయిపోయిందమ్మా. క్షమించు."

"నన్నడిగితే ఏం లాభం? అడగాల్సిన మనిషి లేదుగా."

గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా నా కూతురు మేఘనను పిలిచేది. మేఘనకు ఇరవై ఆరు, ఉద్యోగం శాంటా క్లారాలో, మాతోనే ఉంటుంది. "అమ్మా, వాట్ డిడ్ యు డూ? అమ్మమ్మ చాలా అప్‌సెట్‌గా ఉంది" అని అడిగితే, పాత విషయంలే అన్నాను. మూడో రోజు మందులివ్వడానికి వెళితే అమ్మ నా వైపు చూడకుండానే "నువ్వు లాగినప్పుడు వేళ్ళు పట్టుకున్నాయా?" అని అడిగింది. అబద్ధం ఆడొచ్చు. "పట్టుకున్నాయి" అన్నాను. కళ్ళు మూసుకుంది. అలా మూసుకునే, "ఆ మొక్క ఇప్పుడు దొరుకుతుందా?" అంది.

ఆరెగాన్‌లో ఒక చిన్న నర్సరీ నుంచి తడి నాచులో చుట్టి, పోస్టులో వచ్చింది. మా ఇంటి ఉత్తరపు గోడ పక్కన అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, తను చెప్పినట్టల్లా రాళ్ళు పేర్చాను. నాన్నను విసుక్కుంటూ, నవ్వుతూ గడిపిన ఆ మూడేళ్ళలో అమ్మ ఇంత గమనించిందని నాకు తెలియదు. రాయి కొంచెం వెనక్కి వాలాలి, సున్నపురాతి పొడి మట్టిలో కలపాలి, వేళ్ళు వేళ్ళాడకుండా సందు చివరికంటా మట్టి అందాలి. "అలా కుక్కకే, మీ నాన్న చూస్తే ఏడుస్తారు" అంది. చివర్లో పాత బిళ్ళను తనే రాయికి కట్టింది. మే నెలలో రెండు పువ్వులు పూశాయి. అమ్మ తలమీద మిగిలిన నాలుగు తెల్లవెంట్రుకలు తడుముకుని, "జడే ఉంటే ఈసారి అడిగేదాన్ని కాదు, కోసేసేదాన్ని" అంది. నాతో మామూలుగానే మాట్లాడేది అప్పటికి. అయితే ఆ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. నన్ను క్షమించినట్టు చెప్పలేదు, నేనూ మళ్ళీ అడగలేదు.

ఆగస్టులో అమ్మ వెళ్ళిపోయింది. దానికి మూడు వారాల ముందు, అన్నం తినడం మానేసిన రోజున, నేను పెరట్లోకి వెళ్ళి ఉత్తరపు గోడకు నీళ్ళు వెళ్ళే డ్రిప్ టైమర్ ఆపేశాను. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే ఆ రోజు చెప్పలేకపోయేదాన్ని. నాన్న పోయినప్పుడు ఆ వీధిలో తెలుగు మాట మా ఇంట్లో తప్ప వినపడేది కాదు. ఇప్పుడు మా వీధిలో సగం ఇళ్ళు మనవాళ్ళవే. పదకొండు రోజులూ ఎవరో ఒకరు గుమ్మం ముందు క్యారేజీ పెట్టి, ఫోన్లో మెసేజ్ ఇచ్చి వెళ్ళిపోయేవారు. పంతులుగారు తిథులన్నీ ముందే మేఘన క్యాలెండర్‌లోకి పంపించారు. పక్కింట్లో ఉండే వరంగల్ అమ్మాయి, వీసా మీద కొత్తగా ఉద్యోగానికి వచ్చిన పిల్ల, ఒక సాయంత్రం కంచె మీంచి పిలిచి, "ఆంటీ, ఆ ప్లాంట్ మొత్తం డ్రై అయిపోయింది. నేను వాటర్ పోస్త తియ్యండి" అంది. వద్దమ్మా అన్నాను. "అయ్యో, మైల ఉంటది కదా, సారీ ఆంటీ" అని నాలిక కరుచుకుంది. అవునని తలూపాను. ఇప్పుడూ ఆ మాట వెనకే దాక్కున్నాను.

పన్నెండో రోజు స్నానాలయ్యాక, అందరూ వెళ్ళిపోయాక, సాయంత్రం అమ్మ స్టీలు చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళాను. ఆ చెంబు అదే. ఆకులు ఆ రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, ముడుచుకుని, గోధుమరంగులో, గరగరమంటూ. రాయి పక్కనుంచి, ఆకుల మీద పడకుండా, కొంచెం కొంచెంగా పోశాను. పోస్తూ ఏం కోరుకున్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. ఇది లేవకూడదని కోరుకున్నాను. లేవకపోతే, రూత్ ఆంటీ ఏదో ఓదార్పుకు అందని అనుకోవచ్చు. ఆనాటి మొక్క నిజంగానే చచ్చిందనీ, నేను పారేసింది ఒక చచ్చిన మొక్కనేననీ, నీళ్ళు పోసినా పోయకపోయినా ఏమీ మారేది కాదనీ అనుకోవచ్చు. అలా అనుకుంటూ మిగిలిన రోజులు గడిపేయవచ్చు.

పొద్దున్నే మేఘన కేకేసింది. "అమ్మా! త్వరగా రా! నీ ప్లాంట్ చచ్చిపోలేదు!"

వెళ్ళి చూశాను. బయటి వరస ఆకులు రాతి మీదికి ఒరిగి విప్పారాయి. లోపలివి ఇంకా సగం ముడిచే ఉన్నా పచ్చదనం మొదళ్ళ నుంచి పాకుతోంది. నూగు మీద చెమ్మ మెరుస్తోంది. మేఘన మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్‌తో ఫొటోలు తీస్తోంది. "అమ్మమ్మ ఉంటే ఎంత హ్యాపీ అయ్యేది కదా? ఒక్క నైట్‌లో! హౌ ఈజ్ దిస్ పాసిబుల్?" అంటోంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఇలాగే విచ్చుకునేది అది కూడా. పదమూడో రోజు పొద్దున అమ్మ చూసేది, నాయనమ్మను చెయ్యి పట్టి తీసుకొచ్చి చూపించేది. ఇద్దరూ అక్కడ నిలబడి ఏడ్చుకునేవారు. అదే ఇంట్లో అదే గరాజ్‌లో ఆ మడత కుర్చీ ఉండేది, చింతకాయ పచ్చడి అందరం తినేవాళ్ళం. నేను చంపింది మొక్కనొక్కదాన్నే కాదు.

మేఘన నా మొహం చూసి ఫోన్ పక్కన పెట్టేసింది. "ఎందుకు ఏడుస్తున్నావ్ అమ్మా? బతికింది కదా!"

"బతికింది కాబట్టే" అన్నాను.

దానికి అర్థం కాలేదు. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. నాయనమ్మ పేరు మేఘనకు తెలియదని అప్పుడు తట్టింది. అమ్మ ఎప్పుడూ మహాతల్లి అనే అనేది, అది విని మేఘన చిన్నప్పుడు నవ్వేది.

"ఆవిడ పేరు కోటమ్మ" అన్నాను. "ఆవిడ తప్పేమీ లేదు. చెబుతాను, విను."